గోనుపల్లి దాటాక తొమ్మిది నిమిషాలు

వాచీ కంపెనీ మీద రాసిన ఈ కాగితంలో నాసిరకం అనే మాట ఒక్కటి కొట్టేయించు రేవతీ, మీ అన్నకు చెప్పి. సంతకం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నాసిరకమా ఇది? నువ్వే చెప్పు.

ఈ మైపాడు సముద్రపు గాలికి మీ ఇంట్లో ఏం నిలిచింది? గేటుకు ఎన్ని రంగులు కొట్టించినా తుప్పు రాలతానే ఉంటుంది. ఫ్రిజ్జు అడుగు జల్లెడైపోయింది. రొయ్యల గుంతల మీద గాలి కొట్టే ఏరేటరు మోటార్లు ఎన్ని మార్చినారో నీకే తెలుసు. నీ పుట్టింటి కుట్టుమిషను కూడా ఉప్పు తినేసింది. ఈ వాచీ ఐదేళ్లు నా తమ్ముడి చెమటలో నానింది. దీని మీద ఒక్క మచ్చ చూపించు.

రొయ్యల గుంతలో పడిన సంగతి మర్చిపోయినావా? మేత చల్లతా వంగినాడు, వాచీ బెల్టు ఊడి నీళ్లలో జారిపోయింది. నలభై రోజులు అందులోనే ఉండింది. రొయ్యల పట్టుబడి అయి నీళ్లు వదిలేసినాక బురదలో దొరికింది. కంపు కొడతా ఉంది, పారెయ్యమన్నావు నువ్వు. వాడు పళ్లు తోముకునే బ్రష్షుతో కడిగి చార్జింగు పెట్టినాడు. గంటకు కళ్లు తెరిచింది. ఆ సాయంత్రమే నాకు ఫోను చేసి, "చూసినావా అక్కా, మన వంశమే ఇది కూడా" అన్నాడు.

ఏంది? గట్టిదనం గురించి కాదు, తప్పు లెక్కలు చూపించడం గురించి రాసినాడంటావా?

చదివినాను. కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు చదివినాను. మూడో పేరాలో నేనుండాను. యాభై ఏడేళ్ల శ్రీమతి ప్రమీలమ్మ మొక్కు నిమిత్తం కాలినడకన పోతుండగా సదరు వాచీ ఆమె వేగం గంటకు ముప్పై నాలుగు కిలోమీటర్లుగా చూపించినది. అప్పటి నుండే ఈ వాచీ నమ్మదగినది కాదని మృతునికి అభిప్రాయం ఏర్పడినది. కావున గుండెను గురించి అది చేసిన హెచ్చరికలను ఆయన లక్ష్యపెట్టలేదు. కింద నా సంతకానికి చోటు.

బాగా రాసినాడు మీ అన్న విజయభాస్కర్. ఒక్క అక్షరం తప్పు లేదు. మృతుడు అనే మాట దగ్గర మాత్రం, ఎవరబ్బా అని కాసేపు వెతుక్కున్నాను.

కాఫీ వద్దులే. కూర్చో. నువ్వు నిలబడి ఉంటే నేను చెప్పలేను.

ఈ ఇంట్లో ఎవరికి ఏది కావాలన్నా నన్నే కదా అడిగేది. మీ మామ తద్దినం ఏ తిథి, నీ కూతురు అనూష ఏ నక్షత్రంలో పుట్టింది, మనవాళ్లు కొడవలూరు నుంచి ఈ పక్కకు ఏ ఏడు వచ్చినారు, అవ్వ కమ్మలు ఎవరి పెళ్లిలో ఎవరికి పెట్టినారు. నేను కాగితం చూసి చెప్పింది లేదు. అక్క చెప్పిందంటే అంతే. పుట్టినకాడి నుంచి వాడు విన్నది ఆ మాటే. వాడి వయసెంతో కూడా వాడు నన్నే అడిగేవాడు. నలభై మూడు రా పెంచలా అంటే, అప్పుడేనా అనేవాడు.

డెంగీ వచ్చి నెల్లూరు ఆసుపత్రిలో పడుకున్నప్పుడు నువ్వు వాడి మంచం పక్కన ఉండావు. నేను సంగంలో మా ఇంట్లో దీపం ముందు ఉండాను. పెంచలకోన స్వామి పేరే కదా వాడిది. అమ్మ మొక్కుకుంటే పుట్టినాడు. మళ్లీ ఇవ్వు స్వామీ, రాపూరు నుంచి నీ కోనదాకా కాళ్లకు చెప్పుల్లేకుండా నడిచి వస్తాను అన్నాను. ఇచ్చినాడు. మూడేళ్లు ఇచ్చినాడు.

నేను బయలుదేరే రోజు వాడే ఈ వాచీ నా చేతికి కట్టినాడు. గాజులు వెనక్కి తోసి, ఆఖరి బెజ్జం దాకా బిగించినాడు. అప్పటికి ఇంకా నీరసంగా ఉండినాడు, మెట్లు దిగితే ఆయాసం. నేనెట్లాగూ నీ వెంట రాలేను, ఇది వస్తుందిలే అన్నాడు. నువ్వు ఎంత దూరం నడిచినావో, గుండె ఎట్లా కొట్టుకుందో అన్నీ రాసుకుంటుందంట. పైన తిరిగే శాటిలైట్లు చూస్తా ఉంటాయంట. అయితే స్వామికి తోడు అవి కూడానా అన్నాను. అందరం నవ్వినాం.

నేను తిరిగొచ్చిన సాయంత్రం నువ్వేం చేసినావో గుర్తుందా?

గడప బయటే నన్ను నిలబెట్టినావు. ఇత్తడి పళ్లెంలో నా కాళ్లు పెట్టించి పసుపునీళ్లతో కడిగినావు. పగిలిన బొబ్బలు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నావు. ఆ నీళ్లు తీసి అనూష తల మీద చల్లినావు, వాడి తల మీద చల్లినావు, నువ్వు చల్లుకున్నావు.

సరిగ్గా అప్పుడే వాడు ఫోనులో చూసి గట్టిగా నవ్వినాడు. గోనుపల్లి దాటినాక తొమ్మిది నిమిషాలు అక్క గంటకు ముప్పై నాలుగు కిలోమీటర్లు పరిగెత్తిందంట రేవతీ, మనం కాళ్లు కడగాల్సింది కాదు, మెడల్ వెయ్యాల్సింది అన్నాడు. మీ అన్న కూడా ఉండినాడు. ఆయన అన్నాడు, బండేమైనా ఎక్కినారా వదినా అని, ఊరికే, ఎగతాళికి.

నేను నోరు తెరవకముందే వాడు చెప్పినాడు. "మా అక్క అబద్ధం చెప్పదు బావా. వాచీ చెప్తుందేమో గానీ."

నాకేం తెలుసు నాయనా, యంత్రం కదా అన్నాను నేను.

అంతే. వాడి తల మీద నుంచి ఇంకా ఆ నీళ్లు కారతా ఉండాయి. కాళ్ల కింద పళ్లెం ఉంది.

తర్వాత వాడు ఊరుకోలేదు. వారం రోజులు ఆ వాచీని పరీక్ష పెట్టినాడు. హైస్కూలు గ్రౌండులో గీతల వెంట పరిగెత్తి చూసినాడు. నాలుగు వందల మీటర్లకు నాలుగు వందలే చూపించింది. మైపాడు రోడ్డు మీద కిలోమీటరు రాళ్లతో సరిచూసినాడు. రాయి దగ్గరికి పోయేసరికి కిలోమీటరు అనేది. చెన్నైలో కంపెనీ వాళ్లకు పంపినాడు. పదిహేను రోజులు పెట్టుకొని, ఇందులో ఏ లోపమూ లేదని చీటీ రాసి పంపినారు. అన్ని చోట్లా సరిగ్గా చెప్తుంది, మా అక్క చేతికి కడితేనే దీనికి మతి పోతుంది అనేవాడు. కోనలో కొండల మధ్య సిగ్నలు తప్పిపోయుంటుందిలే అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. అయినా ఒకసారి తప్పింది ఇంకోసారి తప్పదా అని దాని మీద గురి పోయింది వాడికి. కట్టుకోవడం మానలేదు, నమ్మడం మానినాడు. మా అక్కను ఆటో చేసిన వాచీ అని దానికి పేరు పెట్టినాడు. పెళ్లిళ్లలో చెప్పి నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని.

అట్లా చూడొద్దు రేవతీ. చెప్తా ఉండాను కదా.

గోనుపల్లి దాటినాక ఎండ నడినెత్తికి వచ్చింది. తారు కాలతా ఉంది. ఎడమకాలి బొబ్బ చిట్లిపోయింది, అడుగు వేస్తే మోకాలి దాకా జివ్వుమనేది. వేపచెట్టు నీడన ఒక్క నిమిషం నిలబడినాను. వెనక నుంచి ఆటో వచ్చి ఆగింది. పొంగలి గిన్నెలు పెట్టుకొని ఎవరో ఆత్మకూరు వాళ్లు స్వామి దగ్గరికి పోతా ఉండారు. లోపల పెద్దామె ఒకామె నా కాళ్లు చూసి జరిగి చోటిచ్చింది. ఎక్కమ్మా, స్వామి ఏమీ అనుకోడు అంది.

ఎక్కినాను.

ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఆమె రెండోసారి అనలేదు కూడా. నేనే ఎక్కినాను. చెయ్యి ఎత్తి పైన కమ్మీ పట్టుకున్నాను, ఈ వాచీ నా కళ్లముందే ఉండింది. అంకెలు తిరగతా ఉండాయి. నాకు వాటి అర్థం తెలీదు. గాలి మొహానికి కొడతా ఉండింది. ఇంకో మాట చెప్తాను, ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ తొమ్మిది నిమిషాలు చాలా హాయిగా ఉండింది. మొక్కు గుర్తు లేదు, వాడు గుర్తు లేడు. గాలి ఒక్కటే.

కోన ముఖద్వారం కనపడతానే ఆపమని దిగినాను. మిగతాది నడిచినాను.

స్వామి దగ్గర దాచలేదు. గర్భగుడి ముందు నిలబడి తప్పయిపోయింది తండ్రీ అని లెంపలేసుకున్నాను. ఇంకో కొబ్బరికాయ కొట్టినాను. ఆయన ముందు నా మనసు తేలికపడింది. అందుకే స్వామి మీద వెయ్యను దీన్ని. మొక్కు తప్పినందుకు స్వామి వాణ్ణి తీసుకుపోయినాడని మా అత్తగారి అక్క లాంటివాళ్లు అంటారు, నేను అనను. అంత చిన్న మనసు కాదు ఆయనది. స్వామికి చెప్పుకున్నాను. మనుషులకు చెప్పలేదు. అంతే జరిగింది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. ఇది నీకు తెలీదు.

పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి వచ్చినాను కదా. మధ్యాహ్నం వాడు విస్తరి ముందు కూర్చున్నాడు. నువ్వు లోపల నెయ్యి కాస్తా ఉండావు. నేను వడ్డిస్తా ఉండాను. వాడి చేతి మీద వాచీ జుయ్ జుయ్ మనింది. వాడు మణికట్టు నా వైపు తిప్పి చూపించినాడు. కూర్చుని అన్నం తినే మనిషికి గుండె నూట ముప్పై ఒకటంట అక్కా, ఈ వారంలో ఇది ఐదోసారి అన్నాడు. రేవతి డాక్టరు దగ్గరికి పోదాం రమ్మని ఒకటే పోరు అన్నాడు.

ఒకసారి చూపించుకోరాదా నాయనా అన్నాను.

అప్పుడు అన్నాడు. "దీన్ని నమ్మితే నువ్వు ఆటో ఎక్కినట్టే కదక్కా."

నవ్వతానే అన్నాడు. అని, నా మొహం వైపు చూసినాడు. ఎక్కువసేపు కాదు. అడగతా ఉండాడేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదా అంటే, అప్పుడూ అనిపించింది.

ఒక్క మాట. అవును రా, ఎక్కినాను అంటే అయిపోయేది. నవ్వేవాడు. నాలుగు పెళ్లిళ్లలో ఆ సంగతి చెప్పుకునేవాడు. ఆ సాయంత్రమే నీతో నెల్లూరు పోయేవాడు.

నేను వాడి విస్తట్లో ఇంకో బూరె వేసినాను.

పన్నెండో రోజు బుధవారం. మైపాడు రోడ్డులో, మీ గుంతల మలుపు దగ్గర. చేపల బండి మీద పోతా, పడి ఉన్న వాణ్ణి ముత్యాలయ్య చూసినాడు, పొద్దున ఆరూ ఇరవైకి.

ఏడవలేదని నన్ను ఊళ్లో అనుకుంటా ఉండారని తెలుసు. ఏడుపు రాలేదు. ఇప్పుడూ రావడం లేదు. లోపల ఎక్కడో పెట్టి మర్చిపోయినట్టుంది. అన్నీ గుర్తుంటాయి నాకు, అదెక్కడ పెట్టినానో తెలీడం లేదు.

నువ్వు మూడుసార్లు రమ్మన్నావు వాణ్ణి. అది నేను సాక్ష్యం చెప్తాను, ఎవరు అడిగినా. నీ వైపు తప్పు లేదు. వాచీ ఐదుసార్లు చెప్పింది. దాని వైపు తప్పు లేదు. మీ అన్న కోపం నాకు తెలుస్తుంది, ఎవరో ఒకరు ముందుకొచ్చి తప్పు మాది అనాలి కదా. నేనంటా ఉండాను.

ఈ కాగితం మీద సంతకం పెట్టను. నడిచినాను అని పెట్టను. ఆటో సంగతి రాసుకొని రమ్మను, దానికి పెడతాను. రేపు మీ అన్న ముందర, మీ అమ్మా నాయన ముందర ఇదే మాట చెప్తాను. నువ్వు మళ్లీ నన్ను వదినా అని పిలవకపోయినా ఏమీ అనుకోను. కడిగినావు కదా కాళ్లు. అది తీసుకోలేను, తిరిగి ఇవ్వలేను.

లేచినావా? సరే.

ఇంకొకటి మాత్రం ఉంది. అది విని లోపలికి పో.

వాడు ఏకాదశి నాడు పోయినాడని నేనే చెప్పినాను. పుణ్యాత్ముడు, వైకుంఠానికి పోయినాడు అన్నారంతా. ఆ మాట విని నువ్వు మొదటిసారి తలెత్తి నా వైపు చూసినావు, నాకు గుర్తుంది. ముత్యాలయ్య చూసిన టైము పట్టుకొని లెక్క కట్టినాను నేను. నిన్న అనూషను అడిగి ఆ రోజు వాచీ రాసుకున్నది ఫోనులో తీయించుకొని చూసినాను. ఆ పిల్ల ఎందుకని అడగలేదు. ఐదూ నలభై ఒకటికి గుండె దగ్గర గీత ఆగిపోయింది. తర్వాత కూడా వాచీ ఊరుకోలేదు, టైము రాసుకుంటానే ఉంది, ఆసుపత్రిలో ఎవరో విప్పేదాకా. పంచాంగం తీసి చూసినాను. దశమి ఆరూ రెండు దాకా ఉంది.

దశమే రేవతీ. ఏకాదశి కాదు.

అంటే మాసికం ఎల్లుండి కాదు, రేపే. అయ్యవారికి ఇప్పుడే ఫోను చేయించు. కూరగాయలు ఈ పూటే తెప్పించు, అరటికాయ మర్చిపోవద్దు, వాడికి ఇష్టం. తిథి ఎవరు మార్చినారని అడిగితే అక్క చెప్పిందని అనొద్దు.

వాచీ చెప్పిందని చెప్పు.