పళ్లెంలో వదిలేసిన అన్నం

వంటింట్లో భర్త కొత్త సిలిండర్‌కి రెగ్యులేటర్ బిగిస్తున్నాడు. భార్య రాత్రి భోజనాల గిన్నెలు తోముతోంది.

"చూశావా, ఈసారి గ్యాసు ఎన్నాళ్లొచ్చిందో! నా మాట వింటే ఇల్లు ఇలాగే గట్టెక్కుతుంది."

"మీ మాట విని కాదండీ. ధరలు పెరిగినప్పట్నుంచీ చిన్న గిన్నెలోనే వండుతున్నాను. మీకూ పిల్లకీ సరిపడా."

"మరి నువ్వేం తింటున్నావు?"

"ఏదైనా మిగిలితే తింటాను."

"మిగలడమంటే గుర్తొచ్చింది. నీ కూతురికి ఒళ్లు కొవ్వెక్కింది. రోజూ పళ్లెంలో సగం వదిలేస్తోంది. అందుకే నిన్న వీపు మీద ఒక్కటిచ్చాను."

"తెలుసు. వేళ్ల అచ్చులింకా పోలేదు."

"పోకపోతేనేం, దెబ్బకి దారికొచ్చింది. ఇందాక మెతుకు మిగల్చకుండా తినేసింది, చూశావుగా?"

"చూశాను. నా మొహం చూస్తూ, ఏడుపు దిగమింగుకుంటూ తింది."

"అన్నం తినడానికి ఏడుపెందుకు? నీ మొహం చూడడమెందుకు?"

"అది రోజూ వదిలేది నాకోసమండీ."

రెగ్యులేటర్ మీద అతని చేయి ఆగిపోయింది.

"నువ్వు పస్తులుంటున్నావని నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"దానికి మాత్రం ఎవరు చెప్పారు?"