స్వామినే అడుగుదాం

దేశం కాని దేశంలో, టార్నీట్ అనే ఊళ్ళో ఓ పాత షెడ్డును గుడి చేసిన అధ్యక్షుడు ఈశ్వరప్రసాద్, హాల్లో జనం ఎదురుచూస్తుండగానే అర్చకుడు ఉపేంద్రాచార్యుల్ని వంటగదిలోకి పిలిచి తలుపేశాడు. ఆ వేసిన తీరే ఆచార్యులకు నచ్చలేదు.

“పొట్లాలు కట్టారా ఆచార్యులుగారూ?”

“కట్టానండీ. స్వామి పాదాల దగ్గర పెట్టొచ్చాను.”

“తెల్ల పూలొస్తే కమిటీ మాట, ఎర్ర పూలొస్తే నా మాట. అంతేగా?”

“అంతేనండీ. పెద్దావిడ కదా, అలివేలు ఆంటీ కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. మా ఊళ్ళో తగువొస్తే ఇలాగే అడిగేవాళ్ళం.”

“మంచి ఆచారం. ఓట్లేసి నన్ను దించుతారట. ఏ పూజ ఎప్పుడు జరగాలో సెక్రటరీ రత్నకుమారి మీటింగ్ పెట్టి చెబుతుందట. నన్నిక్కడ కూర్చోబెట్టింది స్వామి. ఓట్లు కాదు.”

“అందుకేగా, స్వామినే అడుగుదామన్నారు మీరు.”

“అన్నాను. అందుకే... రెండింట్లోనూ ఎర్రవే ఉండాలి.”

“అయ్యా?”

“విన్నారుగా.”

“అది... అది స్వామిని మోసం చెయ్యడం కదండీ.”

“గుడి రెండు ముక్కలు కాకుండా చూడ్డం. మీవాడి స్కూలెలా ఉంది? అప్పుడే ఇక్కడి యాస వచ్చేసిందట.”

“వాడి సంగతి ఇప్పుడెందుకండీ?”

“ఊరికే. మీ వీసా స్పాన్సర్‌షిప్ మీద సంతకం అధ్యక్షుడే పెట్టాలి కదా. రేపు ఇంకొకడొస్తే మిమ్మల్నే ఉంచుకుంటాడో, బ్రిస్బేన్ నుంచి వేరే ఆయన్ని తెచ్చుకుంటాడో.”

“బెదిరిస్తున్నారా?”

“ఛ, అర్చకుణ్ణి బెదిరిస్తానా? వెళ్ళి పొట్లాలు మార్చి రండి. నేనిక్కడే ఉంటా.”

“మార్చి లాభం లేదండీ.”

“అంటే?”

“పొద్దున రత్నకుమారిగారు వచ్చారు. ఈ తలుపే వేశారు. మావాడి స్కూలు సంగతే అడిగారు. కమిటీ అంతా ఒక మాట మీదుందన్నారు. రెండింట్లోనూ తెల్లవే పెట్టమన్నారు.”

“పెట్టావా?”

“అదుగో, గంట కొడుతున్నారు. ఆంటీ తీసేస్తున్నట్టుంది.”

“ఏమయ్యా, అడుగుతుంటే... తెల్లవి పెట్టావా?”

“లేదండీ. ఆవిడొచ్చి వెళ్ళాక మీరూ వస్తారనిపించింది. ఇంట్లో మా ఆవిడ సామాను సర్దుతోంది. రెండు పొట్లాలూ ఖాళీగానే కట్టాను.”