నేల తిరిగే ఆట

హలో… ఆ, నేనేరా, అక్కని. చెప్పు.

… వినపడుతోంది. ఏంటా గాలి హోరు? బండి మీదున్నావా?

… సరే, త్వరగా చెప్పు. ఎదురుగా కస్టమర్ కూర్చున్నాడు. కళ్ళజోడు ముక్కు మీద నిలవట్లేదని పొద్దుట్నుంచీ ఆయన రావడం ఇది మూడోసారి. ఇంకాసేపుంటే షాపులోనే మంచం వేసేట్టున్నాడు.

… ఆ కంప్యూటర్ ఆట గురించేగా? నాకు తెలుసు. తొమ్మిదో గదిలో ఇరుక్కున్నావు. అవునా కాదా?

… నవ్వక ఏం చెయ్యమంటావు? రెండో భాగం వచ్చి నాలుగు రోజులైంది. నువ్వేమో ఆ ఒక్క గదిలోనే కాపురం పెట్టావు. సాయం అడగడానికేనా ఈ ఫోను? అడిగినవాళ్ళు ఓడినట్టే, గుర్తుందిగా. మొదటి భాగం ఆడేటప్పుడు ఆ షరతు పెట్టింది నువ్వే.

… ఏంటి?

… మళ్ళీ చెప్పు. మెల్లగా.

… క్రేన్ మీదున్నావా? ఇప్పుడు? పైన, క్యాబిన్‌లో?

… క్యాబిన్‌లో ఫోన్ ముట్టుకోకూడదని నువ్వే కదరా చెప్పావు…

… ఆగు, ఒక్క నిమిషం. — అయ్యా, మీరు కాసేపు కూర్చోండి. మా తమ్ముడి ఫోను, అర్జెంటు. — ఆ, వెనక గదిలోకొచ్చాను. తలుపేశాను. ఇప్పుడు చెప్పు. నేల ఏమైంది?

… వాలుతోందా. ఎటు?

… ఎడమకి. క్రేనే ఊగుతోందేమో, గాలికి…

… అంత గాలి లేదు. సరే. అయితే నీ తలే తిరుగుతోంది. నేల ఎక్కడికీ పోలేదు, వింటున్నావా? కొక్కేనికి ఏమైనా వేలాడుతోందా?

… ఇనప చువ్వల కట్ట. ఎంత ఎత్తులో?

… ఆరో అంతస్తు దగ్గర. కింద మనుషులున్నారా?

— ఎంతమంది?

… సరే. సరే నాన్నా. ముందు చేతులు తియ్యి. మీటల మీంచి రెండు చేతులూ తీసెయ్. నాకు క్రేన్ గురించి ఓనమాలు కూడా తెలియవు, నువ్వే చెప్పాలి. చేతులు తీసేస్తే ఆ కట్ట అలాగే ఆగి ఉంటుందా, జారుతుందా?

… బ్రేకు దానంతటదే పడుతుంది. మంచిది. మరి పక్కకి తిరక్కుండా?

… అదీ వేశావు. మంచిది. చేతులు ఒళ్ళో పెట్టుకో.

… కళ్ళు మూసుకోకు. మూసుకుంటే ఇంకా తిరుగుతుంది. కిందికీ చూడకు. దూరంగా, కదలకుండా ఉన్నదేదైనా చూడు. ఏం కనిపిస్తోంది?

… పొగగొట్టం. దాని కొసనే చూడు. చూపు అక్కణ్ణించి తియ్యకు. కొత్త అద్దాలు పెట్టుకుని కళ్ళు తిరుగుతున్నాయన్న వాళ్ళందరికీ నేనిక్కడ రోజూ చెప్పేది ఇదే. పని చేస్తుంది. కాస్త టైము పడుతుంది.

… ఎప్పట్నుంచి ఇలా ఉంది?

… పొద్దున్న పళ్ళు తోముకునేటప్పుడే? బాత్రూం గోడ నేలలా కనిపించిందా? మరి అది చూసి కూడా ఎందుకెక్కావురా? అంత నిచ్చెన ఎలా ఎక్కావసలు?

… రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?

… పడుకోలేదు.

… తొమ్మిదో గది నేను దాటేశానన్నానని.

… లేదు, ఉన్నాను. వింటున్నాను.

… నీ ఒక్కడికే కాదు. గ్రూపు చూడలేదా నువ్వు? ఆడినవాళ్ళందరిదీ అదే గోల. మొదటి భాగంలో అద్దాలూ తలుపులే కదా, మన మానాన మనం నడుచుకుంటూ పోయాం. ఇందులో మీట నొక్కగానే గదే గిర్రున తిరుగుతుంది, గోడ వచ్చి కాళ్ళ కింద పడుతుంది. కళ్ళేమో మనమే నడుస్తున్నామంటాయి, ఒళ్ళేమో కుర్చీలోంచి లేవలేదంటుంది. ఒకావిడ గంట ఆడి లేచి, పాతికేళ్ళుగా ఉంటున్న ఇంట్లో తన గుమ్మానికి తనే గుద్దుకుందిట. బస్సు డ్రైవరొకాయన, మర్నాడు మలుపు తిప్పితే రోడ్డు కూడా తనతో తిరిగిందని బస్సు పక్కకి తీసి ఆపేశాడు. వేరే డ్రైవర్ని పిలిపించుకున్నాడు.

… లేదు, ఎవరూ నవ్వలేదు. మంచి పని చేశావన్నారు.

… రెండు నిమిషాల్లో కట్ట దించేసి మెల్లగా దిగిపోతావా? వద్దు.

… వద్దంటే వద్దు. ఎడమకి వాలుతోందన్నావు. దాన్ని సరిచేద్దామని నీ చెయ్యి ఎటు పోతుందో నీకు తెలుసా? నీకే తెలియనప్పుడు కింద ఉన్నవాళ్ళకి ఏం తెలుస్తుంది? రేడియోలో చెప్పు.

… ఎందుకు చెప్పలేవు?

… అందరూ వింటారా? వినాలనేగా చెప్పడం.

… తెలుసు. లైసెన్సొచ్చి మూడు వారాలే అయింది, తెలుసు. దాని కోసం నువ్వు పడ్డ పాట్లు నాకు తెలియవా? నాలుగేళ్ళు కింద ఇటుకలు మోశావు. నీతో మోసినవాళ్ళే ఇప్పుడు తలెత్తి చూస్తున్నారు. నిన్నగాక మొన్న ఎక్కాడు, అప్పుడే కళ్ళు తిరిగాయని అంటారు. అననీ. వాళ్ళ నెత్తి మీద ఇనుము పెట్టుకుని పరువు చూసుకుంటావా?

… ఏం చేస్తున్నావు? ఆ చప్పుడేంటి?

— తలుపు తీశావా?

… గాలి కోసం కాదు, దేని కోసమూ కాదు. మూసెయ్.

… ఒరేయ్, నా మాట విను. నాలుగు రోజులుగా ఆ ఆటలో నువ్వు చేస్తున్నదేంటి? అంచు దాకా వెళ్ళి కాలు బయట పెడుతున్నావు. పెట్టగానే గది తిరిగి గోడ కాలి కిందికొస్తోంది. ఇప్పటికి వెయ్యిసార్లు పెట్టుంటావు. నీ కాలికి అదే అలవాటైపోయింది. ఇప్పుడు నువ్వున్న చోట ఏదీ రాదు. మూసెయ్ నాన్నా. బతిమాలుతున్నాను.

… గడియ వేశావా? మళ్ళీ చూడు.

… ఊఁ. కూర్చో. పొగగొట్టం వైపే.

… నాకేం కాలేదు.

… నీకో మాట చెప్పాలి. తిట్టుకోవడం తర్వాత. తొమ్మిదో గది నేను దాటలేదు.

… అవును, అబద్ధమే. ఏడో గదిలోనే కడుపులో తిప్పేసి ఆపేశాను. బకెట్ దగ్గర కూర్చున్నాను అరగంట.

… దాటానని పంపిన ఆ ఆకుపచ్చ తలుపు ఫోటోనా? ఇంకెవరో ఆడిన వీడియోలోంచి తీసి పంపాను.

… ఎందుకంటే నువ్వు ముందుకెళ్ళిపోతున్నావు. నీకు కూడికలూ తీసివేతలూ నేర్పినదాన్ని, నీకంటే వెనకబడ్డానని ఒప్పుకోలేకపోయాను. కోతలు కోశాను. నువ్వు కుళ్ళుకుంటుంటే సరదాగా కూడా ఉంది, ఏం దాచను. నేనా ఫోటో పంపకపోతే నువ్వు రాత్రి హాయిగా నిద్రపోయుండేవాడివి.

… తిట్టు. ఇంకా తిట్టు. కానీ పొగగొట్టం చూస్తూ తిట్టు.

… సిగ్గుగా ఉందిరా. ఎందుకుండదు? చెప్పక ముందు ఎంతుందో చెప్పాక కూడా అంతే ఉంది. కానీ చెప్పేశాను, చూశావుగా, నిమిషం పట్టలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు. కారణాలు వద్దు, మూడే ముక్కలు. తల తిరుగుతోంది, మీటలు వదిలేశాను, కింద ఖాళీ చెయ్యండి. అంతే.

… ఫోన్ ఒళ్ళో పెట్టుకో. కట్ చెయ్యకు.

……

……

… విన్నాను. మొత్తం విన్నాను. అందరికీ అర్థమయ్యేట్టే చెప్పావు. వాళ్ళేమన్నారు?

… ఆ ఈలలు నాక్కూడా వినపడుతున్నాయి. ఖాళీ చేస్తున్నారా?

… కిందికి చూడకు, రేడియోలో వాళ్ళే చెప్తారు.

… ఒక్కరూ లేరా? హమ్మయ్య. ఆగు, కాస్త కూర్చుంటాను.

… పెద్దాయనే ఎక్కొస్తున్నారా, నీకు క్రేన్ నేర్పించినాయన? ఎంతసేపు పడుతుంది?

… పది నిమిషాలు. ఆయన మోకాళ్ళకి పదిహేను. సరే, అప్పటిదాకా ఎక్కడికీ పోను. కస్టమర్ పోతే పోనీ.

… ఏంటి? తొమ్మిదో గదిలో ఏం చెయ్యాలో చెప్పాలా? ఇప్పుడా? ఒరేయ్, నీకసలు…

… చూశాను వీడియోలో. చెప్పను.

… ఓడిపోయావులే. ఇద్దరం ఓడిపోయాం, సరిపోయిందా. నీళ్ళుంటే ఒక గుక్క తాగు.

… వాలడం తగ్గిందా? కొంచెమేనా? పోనీ, కొంచెమే చాలు.

… కిందికెళ్ళాక ఏమని చెప్తావు?

… ఏమీ తినకుండా వచ్చాను, నీరసం అంటావా? అలా అంటే ఏం చేస్తారు? ఏదో తినిపించి, అరగంట కూర్చోబెట్టి…

… మధ్యాహ్నం మళ్ళీ ఎక్కిస్తారు.

… నన్నడిగితే నేనూ అదే చెప్పాలా?

… తెలుసు, ఉద్యోగం పోవచ్చు. తెలుసన్నానుగా.

… నేనేమీ మాటివ్వలేదు.

… నన్ను బతిమాలకు. నువ్వలా అడిగితే నాకు చెయ్యాలనిపిస్తుంది, అదే నా భయం.

— ఎవరది? వచ్చేశారా? లే… వద్దు, లేవకు. చెయ్యి చాపి గడియ తియ్యి.

… ఫోన్ ఆయనకివ్వు.

… ఇవ్వరా.

… నమస్కారమండీ. నేను వాడి అక్కని.

… అవునండీ, క్యాబిన్‌లో ఫోన్ మాట్లాడకూడదు, తప్పే. అది తర్వాత అందురుగాని. ముందు వాడి నడుముకి బెల్టు తగిలించండి.

… తగిలించారా. మీరు ఊపిరి తీసుకోండి, ఫరవాలేదు, నేనుంటాను.

… ఏమీ తినలేదన్నాడా.

… కాదండీ. తిన్నాడో లేదో నాకు తెలీదు గానీ, కారణం అది కాదు. వాడు రాత్రి నిద్రపోలేదు. తెల్లారేదాకా కంప్యూటర్లో ఆట ఆడాడు.

… ఆటేనండీ. గదులు తిరుగుతుంటాయి, గోడ నేలవుతుంది, అందులోంచి దారి వెతుక్కోవాలి. చాలామందికి తల తిరిగింది. వీడికి పొద్దుట్నుంచీ నేల వాలుతూనే ఉంది. అలాగే ఎక్కాడు. ఇందాక మీరు రాకముందు తలుపు కూడా తీశాడు.

… అవునండీ. తీశాడు.

… ఎప్పటికి తగ్గుతుందో నాకు తెలీదు. ఒక పూటలో పోవచ్చు, రెండ్రోజులు పట్టొచ్చు. ఇవాళ మాత్రం మళ్ళీ ఎక్కనివ్వకండి. డాక్టరు సరేననేదాకా ఎక్కనివ్వకండి. బాగానే ఉన్నానని వాడు ఒట్టేసినా నమ్మకండి. మా వాడు ఒట్లు తేలిగ్గా వేస్తాడు.

… రిపోర్టు రాయాలా? రాయండి.

… లైసెన్సు పక్కన పెడతారు. ఎన్నాళ్ళు?

… మీ చేతుల్లో లేదు. సరేనండీ.

… అందులో నా పేరు కూడా రాయొచ్చా? రెచ్చగొట్టి ఆడించింది నేనే.

… దానికి కాగితంలో చోటు లేదా. సరే.

… వెనక ఏదో అంటున్నాడు. ఏంటండీ?

… చెప్పండి, ఫరవాలేదు.

… జన్మలో నాతో మాట్లాడడట.

… అననివ్వండి. కిందికి దిగి అనమనండి. మీరు ముందు దిగండి, వాడు మీ పైన… మీకు తెలియదా, ఏదో వాగుతున్నాను. క్షమించండి.

… పెట్టేస్తున్నానండీ. ఆ ఫోన్ వాడికివ్వకండి, మీ జేబులో వేసుకోండి. నిచ్చెన పట్టుకోవడానికి వాడికి రెండు చేతులూ కావాలి.