శనివారం కేక

నార్వేలోని వోస్ ఊరి సామాన్ల కొట్లో ముసలి రైతు పంపులు చూస్తున్నాడు. కొట్టువాడు అతని పొరుగువాడే.

"అది బావినీళ్లకి, పెద్దాయనా. మరిగే బార్లీ రసానికి కరిగిపోద్ది. బీరుకైతే ఈ స్టీలుది తీసుకో."

"చప్పుడు చేస్తుందా?"

"పిల్లిలా ఉంటుంది. ఇన్నేళ్లూ బకెట్లతోనే తోడావుగా?"

"బకెట్ అందుకునేది మా ఆవిడ సిన్నోవె. పోయిన చలికాలం నుంచి తను లేదుగా. క్రిస్మస్ బీరు మానలేను."

"తోడటం సరే. ఈస్టు వేసేటప్పుడు కేక పెట్టాలి కదా? లేకపోతే బీరుకి బలం రాదని మీ ఆవిడే అనేది. ఆమె కేక మా కొట్టంలోకి వినపడేది."

"అందుకే అడిగాను, చప్పుడు చేస్తుందా అని. ఇప్పుడు కేక పెట్టేవాళ్లు లేరుగా."

కొట్టువాడు పంపును నెమ్మదిగా అట్టపెట్టెలో పెట్టాడు.

"చెయ్యదు. కేకకి నేనొస్తాలే. ఎప్పుడు?"

"శనివారం. చర్చిలో పాడినట్టు గొణక్కు మరి."