పసుపంటిన కొంగు

సుంకులమ్మ అని ఉండె, చెక్కభజన గురువు మద్దిలేటి పెండ్లాం. మద్దిలేటి పోయి ఏడాది, తెల్లారితే సంవత్సరీకం. ఏమైందంటే, ఆయప్ప ఆడి పాడిన వీడియో లోకం మీద ఒక్కటే ఉంది, ఎవరిదో పెండ్లిలో తీసినది. అది అల్లుడు రంగస్వామి కంప్యూటర్‌లో ఉంది. పొద్దున్నే శిష్యులు ఇరవై మంది వస్తారంట, టీవీలో గురువు పాడతాంటే చెక్కలు పట్టుకోని ఎగురుతారంట. దానికి ఆ వీడియోను డిస్కులోకి ఎక్కియ్యల్ల, అంతే పని. శిష్యుల సంగతి అట్లుండనీ, మొగుని గొంతు విని ఏడాదాయె, సుంకులమ్మ ప్రాణమంతా ఆ డిస్కు మీదనే అనుకో.

అల్లుడు టౌన్లో మూడు నెల్లు కంప్యూటర్ నేర్చినోడు, అయిదు కొత్త డిస్కులు తెచ్చినాడు. కొత్త వస్తువు ఇంట్లోకొస్తే మనం బొట్టు పెట్టకుండా వాడతామా? బండికి పెడతాం, బీరువాకు పెడతాం. సుంకులమ్మ పసుపు గిన్నె కోసం చెయ్యి చాపింది. నువ్వొద్దులే అత్తా, నాగవేణి పెడతాది అన్యాడంట అల్లుడు. ఎందుకో మీకు నేను చెప్పల్లనా? మొగుడు పోయిన మనిషి కదా, అందుకు. ఆయమ్మ మొగుని పాటకు ఆయమ్మ చెయ్యే పనికిరాదంట, వినండి ఎట్లుందో. కన్న కూతురు నాగవేణి కూడా సరేననింది. పసుపు కలిపింది, మెరిసే పక్క మొఖమనుకోని దానికి నిండుగా బొట్టు పెట్టిచ్చింది.

అల్లుడు మొదటిది లోపలికి తోసినాడు. పావు భాగం ఎక్కిందో లేదో, ఎర్రర్ అని పడింది. స్పీడు ఎక్కువైందని తగ్గించి, బొట్టు పెట్టిన రెండోది తోసినాడు, ఎర్రర్. వైరస్ అన్యాడు, ఏందో వెతికినాడు, బొట్టు పెట్టిన మూడోది తోసినాడు, మళ్లా ఎర్రర్. కంప్యూటర్ వేడెక్కిందని టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని మొఖానికి పెట్టినాడంట, మనుషులు చెమటలు కారుస్తాంటే. నాలుగోదీ పోయింది. ఒక్కటే మిగిలింది. అప్పుడంటాడు కదా, డిస్కులు మంచివే, కంప్యూటర్ మంచిదే, మామ వీడియోలోనే దోషం ఉంది, అయినా అత్తా, నువ్వు ఎదురుగా కూసుంటే పని యాడ సాగుతాది, అని.

సుంకులమ్మకు ఒళ్లు మండింది. మండదా మరి, మీరు చెప్పండి. లేచి వచ్చింది. "బతికినన్నాళ్లూ మీ మామ ఒక్క తాళం తప్పలేదు. చచ్చినాక తప్పుతాడా?" అనింది. అని, అల్లుడు వద్దంటాన్నా ఆ నాలుగో డిస్కు బయటికి లాగి కొంగుతో తుడిచింది. కొంగు పచ్చగా అయింది. ఏడాదిగా పసుపంటని కొంగు అది. కాసేపు దాన్నే చూసి, "దీంట్లోకి పాట ఎక్కేది ఏ పక్కన అబ్బీ?" అని అడిగింది. అల్లుడు డిస్కు తిప్పి చూసినాడు, మెరిసే పక్కనే అత్తా, అన్యాడు. ఆ పక్క మరక పడకూడదని మూడు నెల్లు నేర్చినోడికి అప్పుడు గుర్తొచ్చిందంట.

ఆయమ్మ డిస్కు పెట్టే చోటంతా మెత్తగా తుడిచింది. నాగవేణి అలవాటుగా పసుపు గిన్నె తీస్తాంటే పక్కన పెట్టమనింది. అయిదోది తన చేత్తోనే పెట్టి, తన చేత్తోనే లోపలికి తోసింది. ఎక్కింది. నూటికి నూరూ ఎక్కింది. టీవీలో మద్దిలేటి గొంతెత్తితే ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఏడ్చింది, ఆ పచ్చ కొంగే.

స్పీడు తగ్గించినందుకే ఎక్కిందని అల్లుడు ఇప్పటికీ చెప్పుకుంటా తిరుగుతాంటాడు. తిరగనీ. కానీ మరుసటి నెల నాగవేణి కొత్త మిక్సీ తెచ్చుకోని, పసుపు గిన్నె తెచ్చి అమ్మ చేతిలో పెట్టిందంట. సుంకులమ్మే బొట్టు పెట్టింది. ఆ మిక్సీ ఈ పొద్దుటికీ తిరుగుతానే ఉంది, కావల్లంటే పోయి చూసి రాండి.