అన్నయ్య గుండె ముక్క

కుర్చీ చూపించావు, మంచినీళ్ళిచ్చావు, మాట మాత్రం ఇవ్వవు. నాతో మాట్లాడి అయిదు నెలలైంది వదినా! మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ మడతపెడుతున్నావు. సరే, నేనే మాట్లాడతాను.

అన్నయ్య ఆఫీసులో కుప్పకూలిన రోజు డాక్టరు ఏం రాశాడు? గుండె ఆగి పోయాడని. నలభై రెండేళ్ళకే పోయిన మా నాన్నకీ అదే రాశారు. పోయినవాళ్ళలో ఎవరి గుండె ఆగలేదు చెప్పు? అదీ ఒక కారణమేనా?

ఇరవై ఏళ్ళుగా పాథాలజీలో ఉన్నదాన్ని. మైక్రోస్కోపు కింద ముక్క పెట్టి చూస్తేగానీ జబ్బు పేరు నోట్లోంచి రానివ్వను. అందుకే పోస్ట్‌మార్టం అడిగాను. పోయిన మనిషిని ఇంకా హింసించడం దేనికన్నావు నువ్వు. మీ అమ్మాయి కోసం వదినా, అన్నాను. అప్పుడు సంతకం పెట్టావు.

సొంతవాళ్ళ స్లైడు మేం చూడకూడదు. మా పెద్ద డాక్టరే చూశారు. ఆయన అటు వెళ్ళగానే, ఆగలేక, నేనూ చూశాను. గుండె కండ పోగులు దువ్విన జుట్టులా వరసగా ఉండాలి. అన్నయ్యవి చిక్కుపడి ఉన్నాయి. గుండె గోడ రెండింతల మందం. ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగే జబ్బు. నాన్నదీ ఇదే అయ్యుంటుంది.

అమ్మాయికి పరీక్ష చేయిస్తే, ఉందన్నారు. మందులు వాడుతూ కనిపెట్టుకుని ఉంటే బతుకుతుంది, పరుగు పందేలు మాత్రం మానాలన్నారు. స్కూల్లో దాన్ని దాటి పరిగెత్తినవాళ్ళు లేరు కదా! ఆ రోజు నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"మీ అన్నయ్యని కోయించావు. ఇప్పుడు దీని కాళ్ళు కట్టేయించావు."

తెలియకపోతే ఏ మైదానంలోనో పడిపోయేది కదా అనబోయి, ఊరుకున్నాను. ఎందుకో తెలుసా?

సంతకం అడిగినప్పుడు నా మనసులో అమ్మాయి లేదు వదినా. ఏడాదిగా నాకు మెట్లెక్కితే గుండె దడ. ఎవరికీ చెప్పలేదు. నాన్న పోయాడు, అన్నయ్య పోయాడు, ఇక నా వంతేనా అని... నాకోసం అడిగాను. దాని పేరు వాడుకున్నాను.

నేనూ పరీక్ష చేయించుకున్నాను. నాకేమీ లేదట. ఆ రిపోర్టు చదివి, కారిడార్లో గోడకానుకుని, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు నవ్వాను.

అమ్మాయి రిపోర్టు అప్పటికే నా సంచిలో ఉంది.