దక్షిణానికి తిరిగిన గొడుగు

దాలమ్మని ఒకావిడుండేదంట. మనిషి మూరెడు, నోరు బారెడు. ఊరందరితోనూ మాటాడతాది గానీ సొంత సెల్లెలు నీలమ్మతో పన్నెండేళ్ళయి మాటల్లేవు. ఎందుకంటే ఆళ్ళమ్మ పోయినప్పుడు పెద్ద వాన, ఏరు పొంగిపోనాది, నీలమ్మ దాటి రాలేకపోనాది. శవాన్ని ఎన్నాళ్ళుంచుతారు సెప్పండి? రెండు దినాలు సూసి తగలెట్టీసినారు. మూడోనాడు నీలమ్మ వచ్చి, "ఓలప్పా, నాకు అమ్మ కడసూపు లేకుండా సేసీసినావే! ఇంక నీ గుమ్మం తొక్కితే ఒట్టు" అనీసి ఎనక్కి ఎల్లిపోనాది. ఆ తల్లికి ఫొటో అయినా లేదు. ఉన్నదొక్కటీ సెదలు తినీసినాయంట.

ఇలగుండగా కిందటేడు ఏటయిందంటే, నీలమ్మ కోలాటం జట్టులో సేరిందని, కొండమీద సామి రథం ముందు ఆడతాదని, అది టీవీలో సూపిస్తారని దాలమ్మ సెవిన పడ్డాది. ఒక్కసారి సెల్లి మొహం సూడాలని పేనం కొట్టుకుంది. ఆ ఏడు సూసినాది గానీ ఆళ్ళింట్లో పాత కేబులు కదా, మొహాలన్నీ గంజిలో ముంచినట్టు అలుక్కుపోయి ఏది సెల్లో ఏది పరాయిదో! ఈ ఏడు మొగుడు తవిటయ్య పేనం తోడీసి ఎచ్‌డీ గొడుగు పెట్టించినాది. గొడుగంటే డిష్షే, మనమందరం అలగే అంటాం కదా. ఎదురింటావిడ "ఎచ్చులకి పోయి ఎచ్‌డీ పెట్టించింది" అని మూతి తిప్పుకుందంట. నవ్వకండి, ఆవిడ ఇక్కడే కూకుంది. సరే, డిష్షోడు డాబా మీద గొడుగు బిగించి ఎల్లిపోనాడనుకోండి. దాలమ్మ పైకెక్కి సూస్తే గొడుగు నోరు దక్షిణానికుంది! "ఓలమ్మో, శవానికి తల పెట్టే దిక్కు! ఇంటిమీద నోరు తెరుసుకుని యముణ్ణి రమ్మంటామేటి?" అని నట్టు వదులు సేసి, గొడుగుని తూరుపుకి తిప్పీసి, పసుపు రాసి బొట్టు కూడా ఎట్టీసి దిగినాది. ఎంత తెలివో సూడండి!

రథం రోజొచ్చింది. టీవీ ఎయ్యగానే నల్లటి తెర, సిగ్నల్ లేదని రాత. తవిటయ్య ఫోన్ సేస్తే డిష్షోడు, "ఎవులు తిప్పినారు బావూ? బొమ్మలంపే ఉపగ్రహం దక్షిణం పక్క ఆకాశంలో ఉంటాది. తూరుపున నీకేటుంది, ఎండ తప్ప?" అన్నాడంట. అక్కడ రథం కదిలే ఏళ. ఇటు సెల్లి, అటు యముడు. దాలమ్మ పైకెక్కి, కళ్ళు మూసుకుని, యమధర్మరాజా, వస్తే రా, ముందు నా సెల్లిని సూడనీ, తరవాత నన్నే పట్టుకుపో, ఇంట్లో ఇంకెవుల్నీ ముట్టకు, అని దండమెట్టి గొడుగుని తిప్పినాదంట. కొంచెం తిప్పడం, "వచ్చిందా?" అనడం. కిందనించి తవిటయ్య, "లేదు... లేదు... వచ్చింది... పోనాది... ఆఁ, ఉంచు, కదపకు!"

దిగొచ్చి సూసినాది కదా, అదేటి సూపు తల్లీ! పూలమీద నీటిసుక్క కనిపిస్తంది. కోలలకి రంగు ఎక్కడ పెచ్చూడిందో అదీ తెలుస్తంది. ఆడోళ్ళు గుండ్రంగా తిరుగుతా ఉంటే ఒకావిడ ఇటు తిరిగినాది. దాలమ్మ నోట "సెల్లీ" అని రాలేదంట. "అమ్మా!" అని వచ్చింది. ఈ పన్నెండేళ్ళలో నీలమ్మకి జుత్తు నెరిసి, బుగ్గలు లోపలికి పోయి, అచ్చం ఆళ్ళమ్మయిపోనాది! నుదుటిమీద ఆ మడతే, నవ్వితే పక్కకెళ్ళే ఆ మూతే, ముక్కుమీద ఆ సెమటే. పోయినోళ్ళుండే దిక్కునించి అమ్మ వచ్చి ఎదురుగుండా ఆడతంది. దాలమ్మ సెంగు నోట్లో కుక్కుకుని ఏడిసి, సేతులు జోడించినాది. ఎవులికి దండమెడతందో తవిటయ్యకి తెలీదు, ఎందుకొచ్చిందని ఆయనా ఎట్టీసినాడంట.

మర్నాడు దాలమ్మ మొదటి బస్సెక్కి సెల్లెలి గుమ్మంలో దిగినాది. నీలమ్మ మొహం తిప్పుకుంది. "తిప్పుకోకే. కడసూపు లేకుండా సేసినానన్నావు కదా? లోపలికెల్లి అద్దంలో సూసుకో. అమ్మ నీకాడే ఉంది. లేకుండా పోనాది నాకే" అన్నాదంట. నీలమ్మ సేత్తో బుగ్గలు తడుముకుని, గుమ్మంలోంచి పక్కకి జరిగి, "రాయే అప్పా" అన్నాది. ఆ తరవాత తలుపేసుకుని ఏటి మాటాడుకున్నారో నన్నడక్కండి. అది ఏ టీవీలోనూ రాలేదు.